శనగల గది కిటికీ

దయ్యాలున్నాయని చెప్పేవాళ్లను నేను ముఖం మీదే తిట్టేదాన్ని. గోరీల పక్క చేలో ఒంటరిగా కలుపు తీసినదాన్ని, నాకేం భయం? ఇప్పుడు కూడా నమ్మానని రాయడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. అరవై ఏళ్లకు అక్షరాలు నేర్చుకున్నదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

మాది కోయిలకుంట్ల దగ్గర పల్లె. మా ఆయన హుసేనప్ప చనిపోయి అప్పటికి ఏడు నెలలు. కొడుకు లారీ డ్రైవరు, ఎప్పుడూ రోడ్ల మీదే. ఇంట్లో నేను, కోడలు షబానా. దానికి ఇరవై మూడేళ్లు.

ఆ ఏడు ధర లేక శనగలు అమ్మలేదు. బస్తాలన్నీ షబానా పడుకునే గదిలో వేయించాను. మా ఆయన ఉన్నప్పుడు వేపాకు, బూడిద కలిపి పెట్టేవాడు. నాకు ఆ ఓపిక లేక దుకాణంలో పురుగు మాత్రలు కొని బస్తాల సందుల్లో పెట్టాను. గాలి తగిలితే మాత్ర పని చేయదన్నారు. అందుకని కిటికీ సందుల్లో పాతగుడ్డలు కుక్కి, రెక్కలను బయటినుంచి ఇనుప తీగతో కట్టి, కటింగ్ ప్లేయరుతో బిగించాను.

మర్నాడు పొద్దున షబానా ఎద పట్టుకుని కూర్చుంది.

"ఎద మీద బస్తా పెట్టినట్టు ఉండాది అత్తా. గదంతా తెల్లగడ్డల వాసన వస్తాంది."

"తెల్లగడ్డ కారం తిన్న నోరు నీది, గది మీద పెడతాండావా? పని చేసేకి ఒళ్లు వంగక ఎద నొప్పంట!" అన్నాను.

మధ్యాహ్నానికి తగ్గిపోయింది. నా అనుమానం ఇంకా గట్టిపడింది. ఆ మర్నాడూ అంతే. పక్కింటామె గ్యాసంది. కొడుకు ఫోన్లో, తాను దగ్గర లేని దిగులేమో అన్నాడు. ఊళ్లో సూదులు వేసే ఆయన, ఉబ్బసం కావచ్చు, గుండె కూడా చూపించండి అన్నాడు. ఈ వయసులో గుండేమిటని నవ్వాను.

మూడో పొద్దున నేను లేచేసరికి కిటికీ బార్లా తెరిచి ఉంది. తీగ గోడ మేకుకు వేలాడుతోంది.

"పురుగు పట్టించేకేనా తీసింది?" అని అరిచాను.

"తీగ బయటుండాది, నేనెట్ల తీస్తా అత్తా? తలుపు తీస్తే నువ్వు లేయవా?"

నిజమే. నా మంచం వసారాలో ఆ గది తలుపుకు ఆనించి, కిటికీ కిందే ఉంటుంది. మంచం జరపకుండా తలుపు తెరుచుకోదు. ప్లేయరు నా దిండు కిందే ఉంది. ఆ పొద్దున షబానాకు నొప్పి లేదు.

మళ్లీ కట్టాను. మర్నాడు నొప్పి, పైగా వాంతి. ఆ తర్వాతి పొద్దున కిటికీ మళ్లీ తెరిచి ఉంది, నొప్పి లేదు.

అప్పుడు ఆ తీగను సరిగ్గా చూశాను. ఎనిమిది అంకెలా చుట్టి, కొసను నడుముకు మెలేసి ఉంది. మా ఇంట్లో తీగ అట్లా చుట్టేది ఒక్క మా ఆయనే. తెల్లారకముందే శనగల గది కిటికీ తెరిచి "గాలాడనీ" అనేవాడు కూడా ఆయనే.

ఆ గదిలో కొత్తగా పెట్టింది మాత్రలొక్కటే. మాత్రల డబ్బా తెచ్చి ఎండలో కూర్చుని, అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. విష వాయువు, వెల్లుల్లి వాసన ఉంటుంది. మనుషులు నిద్రించే గదిలో ఉంచరాదు.

కొన్న రోజే చదవాల్సింది. చదవలేదు.

వెంటనే ఆటో పిలిపించి నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరమ్మ అంతా విని, "పొద్దున్నే ఎద పట్టేస్తే పులితేపులా, ఉబ్బసమా, దిగులా అని మేమూ వెతుకుతాం. పడుకునే గదిలో ఏముందో ఎవరూ చెప్పరు. ఇంకో రెండు రోజులు అట్లాగే పడుకుని ఉంటే..." అని ఆపేసింది. షబానాకు మూడు రోజులు ఆక్సిజన్ పెట్టారు. ఆటో దిగి తన కాళ్లతోనే నడిచి ఇంట్లోకి వచ్చింది.

దాని చేతులు పట్టుకుని తప్పు నాదే అన్నాను.

"పోనీలే అత్తా. ఇంక తెల్లగడ్డ కారం తిన్నా తిట్టవు కదా" అంది.

కొడుకు వచ్చి బస్తాలను దూరంగా కొట్టంలో వేశాడు. ఆ తర్వాత పరీక్షకని కొత్త తీగతో కిటికీ కట్టి పదిహేను రోజులు చూశాను. ఒక్క పొద్దున కూడా తెరుచుకోలేదు.

ఎవరు తీశారో నాకు ఇప్పటికీ తెలియదు. పాత తీగను మాత్రం విప్పలేదు, మేకుకే ఉంది. షబానా వాకిలి ఊడుస్తున్నప్పుడు ఆ తీగ వైపు చూసి, "పిల్ల బాగుండాదిలే, నువ్వింక పండుకో" అంటాను.