అట్ట మిషన్ల మొరికుబో గారు

మొరికుబో గారికి ఒకటే జబ్బు. ఏ వస్తువు కొనాలన్నా ముందు దాని కొలతలకి అట్టబొమ్మ చేసి, దానితో వారం రోజులు కాపురం చేస్తే గానీ కొనరు. కుక్కరు కొనే వారం ఆయన భార్య చిజుకో నిద్రమత్తులో అట్ట కుక్కర్లోనే బియ్యం, నీళ్లు పోసి మూత పెట్టేసింది. "చూశావా, సరిగ్గా చేతికందే చోటే ఉంది!" అని ఆయన పొంగిపోయారు. వంటిల్లు తుడుచుకుంది మాత్రం చిజుకోనే.

నగోయా శివార్లలో వాళ్ల ఇంటి పెరడు నాలుగడుగులు వేస్తే అయిపోతుంది. మూలన బీరువాంత ఇనుప షెడ్డు. దాని తలుపు మూసుకోనివ్వని వస్తువు ఇంటికే పనికిరాదని ఆయన శాసనం.

ఆ ఏడు పెరటి చుట్టూ ఉన్న పొదల కంచె అడ్డూ ఆపూ లేకుండా పెరిగింది. కొమ్మలు మొహానికి గీసుకోకుండా పోస్టుమాన్ గొడుగేసుకుని వస్తున్నాడు.

"ఏమండీ, ఈ ఏడు వాడ సంఘం పెద్దరికం మన వంతు. ఆదివారం వీధి శుభ్రం చేసే రోజు. నలుగురికీ చీపుర్లు పంచేదాన్ని, నా కంచే ఇలా ఉంటే ముఖం ఎక్కడ పెట్టుకోను?" అంది చిజుకో.

"వారం ఆగు. కంచె కత్తిరించే మిషను కొందాం. అట్టలు ఆరుతున్నాయి."

మిషన్ల కొట్లో కుర్రాడు ఆయన్ని చూడగానే ఖాళీ పెట్టెలు తెచ్చి ఇచ్చాడు. "సార్, మీకు ఇదే బాగుంటుంది. ఒకటే మోటారు, ఒకటే బ్యాటరీ. తలలు మార్చుకుంటే కొమ్మలు కత్తిరిస్తుంది, రంపంలా కోస్తుంది, ఆకులు ఊదుతుంది."

"షెడ్డులో పెట్టేటప్పుడు దీని పొడుగు కర్ర విప్పితే రెండు ముక్కలవుతుందా?"

"అవుతుంది సార్."

"మూడు?"

"అవదు సార్."

ఆయన నిట్టూర్చి మళ్లీ కొలిచారు.

గురువారం చిజుకో షెడ్డు తెరిచి తెల్లబోయింది. అట్ట మిషన్లన్నీ గోడకి నక్కి ఉన్నాయి. నేలంతా ఆక్రమించి ఇంకో అట్ట మిషను! నాలుగు చక్రాలు, ఒక పిడి.

"గడ్డి కోసే మిషనా? మనింట్లో గడ్డెక్కడుందండీ?"

"దాన్ని కదపకు."

"ఇది తీసేస్తే ఏ మిషనైనా పడుతుంది కదా!"

"తీయను."

"అయితే అదో, నేనో తేల్చుకోండి!"

ఆయన అలవాటుగా కొలత టేపు తీశారు. చిజుకో షెడ్డు తలుపు ధడాలున వేసి వెళ్లిపోయింది.

ఆదివారం పొద్దున్నే వాడంతా చీపుర్లతో దిగింది. మొరికుబో గారు శనివారం కొన్న కొత్త మిషనుతో బయటికొచ్చారు. చిజుకోకి ప్రాణం లేచొచ్చింది. ఆయన మాత్రం వీధి వైపు చూడనైనా చూడకుండా, రంపం తల తగిలించి, పక్క అపార్టుమెంటు వైపు కంచెని మొదలంటా కోసి పెద్ద కన్నం పెట్టేశారు!

"అయ్యో, నా కంచె!"

"యాభై ఎనిమిది సెంటీమీటర్లు. చాలు," అన్నారు ఆయన టేపు చుట్టేస్తూ. "ఒగినో మామ్మగారూ, ఇటు రండి!"

ఎనభై దాటిన ఒగినో మామ్మ ఆసరాకి నాలుగు చక్రాల బండి తోసుకుంటూ నడుస్తుంది. ఇల్లు ఆ అపార్టుమెంటులోనే రెండో అంతస్తు. కింద ఏదీ వదలకూడదని ఓనరు రూలు. రోజూ ఆ బండిని ఒక్కో మెట్టూ ఈడ్చుకుంటూ పైకి ఎక్కించేది. వాడంతా చూసి అయ్యో అనుకుంది. చిజుకో కూడా అనుకుంది. కొలిచింది మాత్రం ఒక్కాయనే.

"అందుకేనా మొన్న కూరల కొట్టు ముందు నా బండి చుట్టూ తిరిగావు? దొంగవనుకున్నాను నాయనా!" అంది మామ్మ కన్నంలోంచి వస్తూ.

ఆయన షెడ్డులోంచి ఆ నాలుగు చక్రాల అట్టబండి తీసి అసలు బండిని లోపలికి తోశారు. తలుపు వేశారు. చక్కగా పట్టింది.

చిజుకోకి ఆయన మీద కోపం, ముద్దు రెండూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. "నాతో చెప్పచ్చు కదండీ!"

"వారం చూడకుండా మామ్మగారికి ఆశ ఎలా పెట్టను? పట్టకపోతే?"

వీధి వైపు కంచె ఆయన పావుగంటలో నున్నగా కత్తిరించేశారు. చీపుర్లు పంచాక చిజుకో ఇంట్లోకి వెళ్లి కత్తెరతో ఏదో కోసి, అతికించి, తెచ్చి షెడ్డు పక్కన పెట్టింది.

"ఏమిటది?" అన్నారాయన.

"పీట. మెట్లెక్కే ముందు మామ్మగారు కాసేపు కూచోవద్దూ? చోటు సరిపోతుందేమో వారం చూద్దాం."

మొరికుబో గారు పెళ్లినాడు కూడా అంత మురిసిపోలేదు. "కాళ్లు కాస్త ఎడంగా పెట్టావు గానీ..." అంటూ టేపు తీయబోయి, అటు తిరిగి చూసి అదిరిపడ్డారు. మొగుడూ పెళ్లాలు ఒకే గొంతుతో అరిచారు.

"మామ్మగారూ, కూచోకండి! అది అట్ట!"