మేస్త్రి చేతికి ఇవ్వని బంతి

ఒక ప్లాస్టిక్ బంతి బరువెంత ఉంటుంది? హౌరా స్టేషన్ బయట ఫుట్‌పాత్ మీద గుట్టగా పోసి అమ్ముతారు చూడండి, అలాంటిది. పసుపు రంగుది. గాలి గట్టిగా వీస్తే దొర్లిపోతుంది. దాన్ని నేను ఏళ్ల తరబడి మోస్తున్నాను. ఇంక నా వల్ల కావడం లేదు. అందుకని మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, అదే మంచిది. తెలుగులో రాయడం కూడా అందుకే. మా ఆఫీసులో ఈ అక్షరాలు చదివేవాళ్లు లేరు, మా బస్తీ పిల్లలకు తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. నేను పశ్చాత్తాపంతో కుమిలిపోతూ రాస్తున్నానని మాత్రం అనుకోకండి. కొంత ఉంది. కొంత లేదు. ఏది ఎంతో నాకే తెలియదు.

మనుషుల చేత మాట్లాడించడం నా పని. కాలువ వెడల్పు చేయాలన్నా, చెరువు బాగు చేయాలన్నా, చెత్త వేయడానికి జాగా చూడాలన్నా ఇప్పుడు ముందు అక్కడి జనాన్ని అడగాలి. ఆ అడిగే పని ఇంజినీర్లకు చేతకాదు. వాళ్లు మాట్లాడితే జనం ఆవలిస్తారు, జనం మాట్లాడితే వాళ్లు ఫోన్ చూసుకుంటారు. అందుకని మధ్యలో మేము. చాపలు పరిపించి, గోడకు చార్టులు అంటించి, టీ, సింగాడాలనే ఇక్కడి సమోసాలు తెప్పించి, అందరినీ గుండ్రంగా కూర్చోబెడతాం. నోరున్నవాళ్లను కాస్త తగ్గించి, నోరులేనివాళ్ల చేత నాలుగు మాటలు చెప్పిస్తాం. ఇందులో నేను గట్టిదాన్నని పేరుంది. ఎందుకు గట్టిదాన్నయ్యానో ఎవరూ అడగలేదు.

నేను పుట్టింది హౌరాలోని టికియాపారాలో, రైలు పట్టాల పక్క గల్లీలో. శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనులకు వచ్చినవాళ్లంతా ఆ ఒక్క గల్లీలోనే ఇళ్లు వేసుకున్నారు, పక్కనే మురికి నాలా. గల్లీకి పెద్ద సింహాచలం మేస్త్రి. రైలు షెడ్డులో ఆయన కింద పనిచేసేవాళ్లు కొందరే, గల్లీలో మాత్రం అందరమూ ఆయన కిందే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆయన నోరు మంచిది కాదు, అయినా ఊరంతా ఆయనదే.

నాకు ఏడెనిమిదేళ్లప్పుడు కౌన్సిలర్ మనుషులు వచ్చారు. గల్లీకి ఒక కుళాయి ఇస్తాం, ఎక్కడ పెట్టాలో మీరే చెప్పండి అన్నారు. ఇప్పుడు ఆలోచిస్తే అదీ ప్రజాభిప్రాయ సేకరణే. అందరూ కూడారు. మా అమ్మ లేచి నిలబడింది. నేను ఆమె కొంగు పట్టుకుని పక్కనే ఉన్నాను.

"కుళాయి గల్లీ మద్దెన పెడితే అందరికీ దగ్గిరవుతాది కదా బావగారూ" అంది.

మేస్త్రి ఆమె వైపు పూర్తిగా తిరగను కూడా లేదు. "నువ్వు కూకోమ్మా. ఇక్కడ మగోలు మాటాడతన్నారు. ఇంటికాడ కూర మాడిపోతాదేమో సూసుకో" అన్నాడు.

అందరూ నవ్వారు. మా నాన్న కూడా నవ్వాడు. అమ్మ కూర్చుంది.

కుళాయి మేస్త్రి ఇంటి ముందే వచ్చింది. మాది గల్లీ చివరి ఇల్లు. అమ్మ రోజూ ఆ ఇంటి గుమ్మం ముందు నిలబడి, వాళ్ల బిందెలన్నీ నిండాక మా బిందె పెట్టేది. అది కూడా మరిచిపోయేదాన్నేమో. కానీ గల్లీ పిల్లలకు ఆ మాట దొరికింది. నన్ను "కూకోమ్మ కూతురు" అనేవాళ్లు. బడిలో, ఆటలో, చివరికి పెళ్లి భోజనాల దగ్గర కూడా. అమ్మ వినేది, విననట్టు ఉండేది. ఆ తర్వాత ఏ నలుగురిలోనూ ఆమె నోరు విప్పగా నేను చూడలేదు. పెద్దయ్యాక ఏమవుతావని ఎవరైనా అడిగితే టీచరునవుతానని చెప్పేదాన్ని. లోపల అనుకునేది వేరు. ఎప్పటికైనా ఈ మనిషి మాట్లాడబోతుంటే, అందరి ముందూ, నేను కూర్చోమనాలి. కొందరు పిల్లలు డాక్టరవ్వాలని కలలు కంటారు. నా కల ఇది.

ఎన్నో ఏళ్లకు ఆ కల నా కాళ్ల దగ్గరికి నడిచొచ్చింది.

అప్పటికి నాన్న లేడు. నేను ఊరికి అవతల న్యూ టౌన్‌లో ఫ్లాటులో ఉంటున్నాను. అమ్మ గల్లీ వదిలి రానంటే రానంది. ఆ నాలా బాగుచేసే పని మా ఆఫీసుకు వచ్చింది. వెడల్పు చేస్తారు, గట్టు కడతారు, గట్టు మీద చెట్లు వేస్తారు. గల్లీ ఇళ్లు పోతాయి, బదులుగా ఫ్లాట్లు ఇస్తారు. నీకు భాష వచ్చు, నువ్వే చెయ్యమన్నారు మా వాళ్లు. అది మా బస్తీయేనని ఆఫీసుకు చెప్పాను. అందులో నా పగ ఒకటి కాపురం ఉంటోందని చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. చెబితే ఇంకొకరిని పంపేవాళ్లు. అందుకే చెప్పలేదు.

మా పనిలో బంతి ఆట ఒకటుంది. బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి. ఒకసారి మాట్లాడినవాళ్లు, మిగతా అందరి వంతూ అయ్యేదాకా మళ్లీ అడగకూడదు. పెద్ద నోళ్ల కింద చిన్న నోళ్లు నలిగిపోకుండా పెట్టుకున్న రూలు. చాలా మంచి రూలు. దాంతో ఎందరో ఆడవాళ్ల చేత మొదటిసారి మాట్లాడించాను. కత్తి కూరగాయలకు మంచిదే కదా.

సభ బస్తీ బడిలో పెట్టాం. గల్లీ అంతా వచ్చింది. మేస్త్రి ముందు వరసలో కూర్చున్నాడు, తెల్ల పంచె, కళ్లజోడు. ముసలివాడైపోయాడు. ఆయన్ని చూసి జాలేసిందా అని మీరు అడగొచ్చు. లేదు. ముసలివాడైపోయాడనే నాకు భయమేసింది. చేతికందేలోపు పోతాడేమోనని.

మొదటి బంతి ఆయనకే ఇచ్చాను. "పెదనాన్నా, మీరు పెద్దవారు, మీరే మొదలుపెట్టండి. మీ చిన్నప్పుడు ఈ నాలా ఎలా ఉండేదో చెప్పండి" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. పొగడ్తకు పడతాడని నాకు తెలుసు. నాలాలో చేపలు పట్టిన సంగతి, వాళ్ల నాన్న ఖాళీ చేతులతో రైలు దిగిన సంగతి, ఆ షెడ్డు, దాని మీద పెత్తనం చేసిన సాహెబు, అన్నీ చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆయన వంతు అయిపోయింది. ఆ సంగతి ఆ గదిలో నా ఒక్కదానికే తెలుసు.

అప్పుడు ఇంజినీరు లేచి అసలు విషయం చెప్పాడు. ఫ్లాట్లు వేరు వేరు చోట్ల ఉన్నాయి, ఎవరికి ఎక్కడ అన్నది లాటరీ తీసి ఇస్తాం, మీరేమంటారో చెప్పండి. ఆ మాటే నేను తెలుగులో చెప్పాను. మేస్త్రి చెయ్యి వెంటనే పైకి లేచింది.

"బంతి, పెదనాన్నా" అన్నాను నవ్వుతూ.

దించాడు. బంతి ఒక్కొక్కరి చేతికీ వెళుతోంది. దోమల గురించి చెప్పారు. వాసన గురించి చెప్పారు. గట్టు మీద దీపాలు కావాలన్నారు. ఇళ్లు పోతున్నాయని విన్నాక దోమల గురించి మాట్లాడతారా ఎవరైనా? నాకు అనుమానం రావాల్సింది. అదే గల్లీలో పుట్టినదాన్ని. కానీ నేను వాళ్ల మాటలు వినడం లేదు. ఆ చెయ్యి లేవడం, దిగడం చూస్తున్నాను. మళ్లీ లేచింది. మళ్లీ నవ్వాను. ఈసారి ఆయన నిలబడ్డాడు. "ఒక్క మాట తల్లీ" అని బంతి కోసం చెయ్యి చాపాడు, చిన్నపిల్లాడిలాగ. వెనక ఆడవాళ్లెవరో కిసుక్కున నవ్వారు. నా కడుపు చల్లబడింది. ఇది దాచను. జీవితంలో అంత హాయి నాకు ఇంకెప్పుడూ కలగలేదు. పెళ్లిలో కలగలేదు, సొంత ఫ్లాటు తాళం చేతికొచ్చినప్పుడు కలగలేదు.

అప్పుడు బంతి అమ్మ దగ్గరికి వచ్చింది. నేను కాచుకున్నది ఈ క్షణం కోసమే. ఆయన నోరు మూసుకుని కూర్చోవాలి, ఆయన కళ్ల ముందే మా అమ్మ మాట్లాడాలి. అమ్మ లేచింది. బంతిని రెండు చేతులతో పట్టుకుని కాసేపు చూసింది.

"నాకేటి నేదు సెప్పడానికి. బావగారేటో సెప్తన్నారు. ఆయన్ని సెప్పనీ" అంది. అని, బంతిని ఆయన వైపు చాపింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత చేసి పెడితే, మళ్లీ వాడికేనా? గబగబా నడిచి వెళ్లాను. మేస్త్రి వేళ్లు బంతికి తగలబోతున్నాయి. అమ్మ చేతుల్లోంచి బంతి లాక్కున్నాను.

"అలా ఇవ్వకూడదు. రూలు కాదు. నువ్వు కూచోమ్మా" అన్నాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అమ్మ కూర్చుంది. చిన్నప్పుడు ఎలా కూర్చుందో అలాగే, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని. బంతి ఆమె పక్కావిడకు ఇచ్చాను. ఆవిడ మళ్లీ దోమలన్నది. అందరి వంతూ పూర్తయ్యేసరికి టైము అయిపోయిందన్నాను. నిజంగానే అయింది. ఆ టైము పెట్టింది నేనే.

టీల దగ్గర మేస్త్రి నా పక్కకొచ్చాడు. కోపంగా లేడు. "లాటరీ అయితే అయినాది గానీ, మనోలందరికీ ఒక్క బిల్డింగులో ఇమ్మని రాసుకో తల్లీ. సెదిరిపోతే మనం మరుండం" అన్నాడు.

"వచ్చే మీటింగులో చెప్పండి పెదనాన్నా" అన్నాను.

వచ్చే మీటింగు లేదు. ఉండదని నాకు తెలుసు. రిపోర్టులో ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. అలాంటి కోరికలు పైవాళ్లు తరచూ ఒప్పుకుంటారు, వాళ్లకు పోయేదేమీ లేదు. రాయడానికి కూర్చున్నాను కూడా. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు వినిపించింది, కూర మాడిపోతాదేమో సూసుకో అని. దోమలు, వాసన, దీపాలు రాశాను. నీ గల్లీకి నువ్వే పెద్దవు కదా, ఇప్పుడు గల్లీయే లేకుండా చూసుకో అనుకున్నాను. ఇది క్షణికావేశం అని చెప్పుకోలేను. రిపోర్టు రెండుసార్లు దిద్దాను. రెండుసార్లూ ఆ వాక్యం లేకుండానే దిద్దాను.

లాటరీ తీశారు. గల్లీ చెదిరిపోయింది. కొందరు ఊరికి ఆ చివర, కొందరు ఈ చివర. అమ్మకు వచ్చిన ఫ్లాటు చుట్టూ తెలుగు ముక్క తెలిసినవాళ్లు లేరు. చివరికి నా దగ్గరికే తెచ్చుకున్నాను. న్యూ టౌన్‌లో కుళాయి తిప్పితే ఎప్పుడూ నీళ్లే. అయినా ఆమె లేవగానే బకెట్లన్నీ నింపి పెడుతుంది.

కిందటేడు మేస్త్రి పోయాడు. పాడె మోయడానికి మనవాళ్లు నలుగురు కూడా దొరకలేదట, ఆ బిల్డింగులో ఎవరో ముఖం తెలియని కుర్రాళ్లు పట్టారట. ఆ మాట వినగానే నాకు మొదట ఏమనిపించిందో తెలుసా? బాగా అయింది అనిపించింది. ఇప్పటికీ కొంచెం అనిపిస్తుంది. మీ ముందు మంచిదాన్ననిపించుకోవాలని లేదు.

అమ్మ మాత్రం బాత్రూం గుమ్మంలో, బకెట్ పక్కన చతికిలబడిపోయింది. "మున్ను ఎవులైనా పోతే ఏడుపు గల్లీ అంతా ఇనబడేది. ఇప్పుడు ఫోనొచ్చీసరికి దినం కూడా అయిపోనాది" అంది. తర్వాత ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టింది.

"లాటరీ మాట మీటింగుకి మున్నే గల్లీలోకి వచ్చీసినాది. ఒక్క బిల్డింగులో ఇమ్మని అడుగుదామని కుళాయి కాడ నానే అన్నాను పాపా. ఆడోలందరూ అవునన్నారు. ఎల్లి బావగారికి సెప్పినాం. ఆయన ఇన్నాడు. 'మంచి మాట సెప్పినావు, నాను అడుగుతాను, మీరెవులూ కదపకండి' అన్నాడు. అందుకే ఆ దినం ఆ మాట ఎవులూ ఎత్తనేదు."

నేను అడిగాను. "బంతి నీ చేతికే వచ్చింది కదమ్మా. నీ మాట నువ్వే చెప్పొచ్చు కదా."

"ఒకలికి ఒప్పజెప్పిన మాట మల్లీ లాక్కుంటే ఏటి మరియాద? అయినా..." అంటూ బకెట్ అంచు తుడిచింది. ముఖంలోకి కొంచెం నవ్వు వచ్చింది, సిగ్గుపడినట్టు. "నన్ను కూకోమన్న నోరు కదే అది. ఆ నోటంట, అందరి మద్దెనా, నా మాట ఇందామనుకున్నాను."

ఆమె పగ కూడా అన్నేళ్లూ అక్కడే ఉంది, నాకంటే ఓపిగ్గా. చెయ్యి చాపితే అందేంత దగ్గరికి తెచ్చుకుంది. దాన్ని ఆమె చేతుల్లోంచి లాక్కుని పక్కావిడకు ఇచ్చింది నేను.

అమ్మ లేచి కుళాయి తిప్పింది. "పోన్లే. అందులో నీ తప్పేటుంది. రూలంట గదా" అంది.

"రూలేనమ్మా" అన్నాను.

అప్పటి నుంచి ఆ ఒక్క ముక్కా సరిదిద్దుదామని రోజూ అనుకుంటాను. ఆమె బకెట్లు నింపుతుంటుంది, నేను గుమ్మంలో నిలబడతాను, నీళ్ల చప్పుడులో నా నోరు పెగలదు. మీ దగ్గర పెగిలింది. రూలు కాదు. నేనే.