ఎద్దు ముఖం తిప్పుకున్న బజ్జి

ఒక గిన్నె బజ్జి కోసం నేను ఏడాది పాటు పగబట్టాను. నవ్వేవాళ్లు నవ్వండి. నవ్విన మనిషి సంగతి ఏమైందో కూడా ఇందులోనే చెబుతాను.

బజ్జి అంటే బండి మీద నూనెలో వేగే మిర్చి కాదు. మా నారాయణఖేడ్ వైపు చలికాలంలో ఎల్లమాస అని ఒక అమావాస్య వస్తుంది. ఆ రోజు ఇంట్లో వండినదంతా గంపలకెత్తి పొలానికి మోసుకుపోతారు. పొలం ఉన్నవాళ్లు లేనివాళ్లను పిలుస్తారు. పచ్చి శనగలు, పచ్చి కందులు, అనపగింజలు, పల్లీలు, ఆ పూటకు దొరికిన ఆకుకూరలు అన్నీ కలిపి, చింతపండు పులుసు పోసి, శనగపిండి కలిపి ఉడికిస్తే అది బజ్జి. సజ్జరొట్టె తుంచి అందులో అద్దుకు తిని, పైన అంబలి తాగి, జొన్నచేను గట్టున కాళ్లు చాపుకుని కూర్చుంటారు.

ఇదంతా నాకు పెళ్లయ్యాకే తెలిసింది. మా అమ్మానాన్న కంగ్టి పక్క పల్లె నుంచి కూలికి హైదరాబాద్ పోయినవాళ్లు. కడుతున్న అపార్టుమెంట్ల పక్కన రేకుల షెడ్డులో పెరిగాను నేను. అక్కడ ఎల్లమాస ఎక్కడిది? ఆ రోజు కూడా స్లాబ్ పోయాల్సిందే. పెళ్లి చేసుకుని, మావాళ్లు వదిలిపోయిన ఈ గడ్డకే తిరిగొచ్చాను. మా ఆయనకు ఖేడ్‌లో చిన్న బైక్ మెకానిక్ షాపు. నేను జిరాక్స్ షాపులో కూర్చుని జనాల దరఖాస్తులు ఆన్‌లైన్‌లో నింపుతాను. బస్ డిపో వెనక ఒక ఇంట్లో ఒక గది, వంటకు ఒక మూల, మాకు అదే సంసారం.

ఆ సంసారంలో సుఖానికి తక్కువేం లేదు. సాయంత్రం ఇద్దరం షాపులు మూసి బస్టాండ్ ముందు మిర్చి బండి దగ్గర కలుసుకునేవాళ్లం. ఐదు మిర్చి. చెరి రెండు తినడం, ఐదోదాన్ని తుంచి సగం సగం పంచుకోవడం. ఎవరు పెట్టారో తెలియదు కానీ అది మా ఇద్దరి చట్టం. ఆదివారం కోడికూర. ఉల్లిగడ్డలు ఆయన కోసేవాడు, కోస్తూ ముక్కు ఎగబీల్చేవాడు, నేను పక్కన కూర్చుని ఆయన్ను ఆటపట్టించేదాన్ని. తిన్నాక బైక్ మీద సిర్గాపూర్ దారిలో గాలికి పోయి, ఎక్కడో గట్టు మీద కూర్చుని ఒకే ఇయర్‌ఫోన్ చెరో చెవిలో పెట్టుకుని ఫోన్‌లో సగం సినిమా చూసి వచ్చేవాళ్లం. మిగతా సగం వచ్చే ఆదివారానికి.

పెళ్లయిన మొదటి ఏడు మా ఇంటామె ఎల్లమాసకు మమ్మల్ని తమ పొలానికి పిలిచింది. ఇంటామె అంటే మా గది యజమానురాలు. పదెకరాల పొలం, రెండు ఎడ్లు, ఎవరి మాటా కిందపడనివ్వని నోరు. మనసు మంచిదని అందరూ అంటారు. నేనైతే అనను.

ఉత్తచేతులతో పోవడం ఎందుకని నేను కూడా బజ్జి వండాను. ఎలా చేయాలో ఎవరినీ అడగలేదు. నా తప్పంటూ ఉంటే అదొక్కటే. హైదరాబాద్‌లో పెరిగిన చెయ్యి కదా, టమాటాలు వేశాను, అల్లం వెల్లుల్లి నూరి వేశాను, చివర్లో రెండు చెంచాల గరం మసాలా కూడా చల్లాను. వాసన గుప్పుమంది. నాకైతే తెగ నచ్చింది.

పొలంలో పాతికమంది వరసగా కూర్చున్నారు. ఇంటామె నా గిన్నె మూత తీసింది, వాసన చూసింది, నాలుక కొసకు అద్దుకుంది.

"గిదేంది పిల్లా? బజ్జి అంటరా దీన్ని? కుడితి గిట్లనే ఉంటది," అంది.

అని ఊరుకోలేదు. గిన్నె తీసుకుపోయి గట్టు పక్కన ఉన్న ఎడ్ల తొట్టిలో ఒంపేసింది. ఎద్దు వచ్చింది. మూతి దగ్గరపెట్టి వాసన చూసింది. ఫుర్రుమని ముక్కు చీది, ముఖం తిప్పుకుని అవతలికి పోయింది.

పాతికమందీ విరగబడి నవ్వారు. వాళ్లు నవ్వితే నవ్వారు, నాకు వాళ్లెవరూ ఏమీ కారు. కానీ వాళ్ల మధ్యలో కూర్చుని మా ఆయన కూడా నవ్వాడు. చేతిలో రొట్టె ముక్క పట్టుకుని, కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నేను ఖాళీ గిన్నె పట్టుకుని నిలబడి ఆ నవ్వునే చూశాను. ఏడవకూడదని పళ్లు బిగపట్టాను. ఆ రోజు నేను ఏమీ తినలేదు. తినలేదని కూడా ఆయన చూడలేదు.

ఆ మర్నాటి నుంచి ఐదో మిర్చి నాదే. తుంచడం లేదు. ఆయన ముందే మొత్తం నమిలి తినేదాన్ని. కోడికూరలో కాలి ముక్క నాదే. ఆయన ఉల్లిగడ్డలు కోసి ఏడుస్తుంటే ఆటపట్టించడం మానేశాను, చూస్తూ కూర్చునేదాన్ని. సినిమా మిగతా సగం ఆయన షాపులో ఉన్నప్పుడు నేనొక్కదాన్నే చూసేసి, చివర్లో ఏమైందో అన్నం పెడుతూ చెప్పేశాను. పప్పులో ఉప్పు వారానికోసారి మరిచిపోయేదాన్ని. ఏ రోజు మరవాలో నాకు బాగా గుర్తుండేది.

"ఇంక ఎన్ని దినాలే? నవ్వు ఆగలే, నవ్విన. తప్పయింది అంటున్న గదా," అనేవాడు.

"నువ్వు గాదు చెప్పాల్సింది ఎన్ని దినాలో. నేను చెప్త. వచ్చే ఎల్లమాసకు నా గిన్నె ఖాళీ కావాలె. ఆమె గిన్నె నిండుగ ఉండాలె. నువ్వు అందరి ముందట లేశి నా బజ్జి రెండోసారి ఏపిచ్చుకోవాలె. గప్పుడు మాఫ్."

"గంతేనా? గిప్పుడే చెయ్యి, పది సార్లు ఏపిచ్చుకుంట."

"అందరి ముందట," అన్నాను.

చలికాలం మళ్లీ వచ్చింది. ఇంటామె అత్త, ఇంటి వెనక వరండాలో ఎండకు కూర్చుని ఆకుకూర ఏరుతూ ఉండేది. మోకాళ్లు పడిపోయి ఇల్లు కదలలేని ముసలామె. ఒక మధ్యాహ్నం నేను బట్టలు ఆరేస్తుంటే తనే పలకరించింది.

"పోయినేడు ఎద్దు మొకం తిప్పుకున్నదంట గదా. గరం మసాల ఏశినవా?"

"ఏశిన అవ్వా."

"ఎద్దుకున్న ఇగురం నీకు లేకపాయె. ఇట్ల రా, కూసో."

కూర్చున్నాను. అవ్వ చెప్పింది. ఆకు పొద్దున్నే తెంపాలి. గింజలు ముందు, ఆకు తరవాత. పిండిని పులుసులో కలిపి సన్నగా పోస్తూ కలపాలి, చెయ్యి ఆపకూడదు. ఉల్లిగడ్డ వద్దు, మసాలా పేరు ఎత్తొద్దు. దించే ముందు మాత్రం వేయించి దంచిన అవిసె గింజల పొడి పిడికెడు. ఆ చివరి మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించింది.

"గిది మా కోడలికి తెల్వదు," అంది.

"ఎందుకు చెప్పలే?"

"అడగలే. వచ్చిన ఏడే నన్ను పొయ్యి కాడికెల్లి లేపింది. నీకు చేతగాదు, కూసో అన్నది. కూసున్న. ఇరవై ఏండ్లాయె, కూసునే ఉన్న." చేతిలో ఉన్న మెంతికాడను పుటుక్కున తుంచింది. "మంచిగ చెయ్యి బిడ్డా. దాని గిన్నెల ఒక్కలు చెయ్యి పెట్టొద్దు."

పగ పట్టింది నేనొక్కదాన్నే కాదని అప్పుడు తెలిసింది. నాకు ఎంత బలం వచ్చిందో చెప్పలేను.

పండగ ముందు పదకొండు రోజులు మా గదిలో బజ్జి తప్ప ఇంకో కూర లేదు. మా ఆయన తెల్లవారగానే బైక్ వేసుకుని కంగ్టి రోడ్డు మీద చేలల్లోకి పోయి ఆకు, పచ్చి కందికాయ అడిగి తెచ్చేవాడు. వేళ్లకు చలికి పగుళ్లు వచ్చేవి. పొద్దున బజ్జి, రాత్రి బజ్జి. తొమ్మిదో రోజు నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. మెల్లగా నమిలాడు. పళ్లెం చాపాడు.

"అందరి ముందట," అన్నాను, గిన్నె పక్కకు జరుపుతూ.

ఎల్లమాస నాడు పొలానికి పోయేసరికి ఇంటామె నా చేతిలో గిన్నె చూసింది.

"మళ్ల తెచ్చినవా? ఎద్దుకేనా?" అంది. వరసలో ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. నేను నవ్వాను. ఆ మాట అననీ, ఇంకా అననీ, అనుకున్నాను.

పూజ అయింది, పొలం చుట్టూ తిరిగి అన్నం చల్లారు, అందరూ కూర్చున్నారు. నేను ఎవరినీ అడగకుండా ముందు ఇంటాయన రొట్టె మీదే, అంటే ఇంటామె భర్త రొట్టె మీదే, ఒక గరిటె వేశాను. ఆయన తిన్నాడు. నమలడం ఆపాడు. ఇంకో ముద్ద తిన్నాడు.

"గిది మా అమ్మ చేతిది," అన్నాడు. "ఇరవై ఏండ్లాయె గీ రుచి చూడక. ఇంకింత ఎయ్యి బిడ్డా."

ఆయన మాట విని పక్కవాళ్లు పళ్లేలు చాపారు. వాళ్లను చూసి అవతలివాళ్లు. ఇంటామె తన గిన్నె పట్టుకుని వరస పొడుగునా తిరిగింది. వద్దు, వద్దు అని చేతులు అడ్డం పెట్టారు. నా గిన్నె అడుగు కనిపించింది. ఆమె గిన్నెలో గరిటె నిలబడే ఉంది.

అప్పుడు ఇంటాయన అందరూ వినేలా పెళ్లాన్ని అడిగాడు. "ఇన్నేండ్ల సంది నువ్వు మాకు పెడుతున్నది ఏందే మరి? ఎద్దుకు పెట్టేదా?"

నవ్వులు మొదలయ్యాయి. నేను కూడా నవ్వాను. అందరికంటే గట్టిగా, పొట్ట పట్టుకుని, కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వాను. ఏడాది నుంచి దాచుకున్న నవ్వు అది, ఎక్కడ ఆపాలో తెలియలేదు.

ఇంటామె గిన్నె ఎత్తుకుని ఎడ్ల తొట్టి వైపు నడిచింది. తనంతట తానే. ఆ నోరు ఆ రోజు లేవలేదు. నాకు కడుపు చల్లబడింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, నిజంగానే చల్లబడింది.

ఆమె గిన్నె వంచబోతుండగా మా ఆయన లేచాడు. పళ్లెం పట్టుకుని గబగబా పోయి ఆమెకు అడ్డం నిలబడ్డాడు.

"అక్కా, నాకింత ఎయ్యి. ఆకలి తీరలే," అన్నాడు.

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. వేసింది. ఆయన అక్కడే నిలబడి మొత్తం తిన్నాడు. మళ్లీ పళ్లెం చాపాడు.

"ఇంకింత."

నవ్వులు ఆగిపోయాయి. నా నవ్వు కూడా. లేచాడు, అందరి ముందూ లేచాడు, రెండోసారి వేయించుకున్నాడు. నేను ఏడాది పాటు కలగన్నదంతా అక్షరాలా చేశాడు, కానీ ఆమె గిన్నెలోంచి.

తిరిగొచ్చేటప్పుడు బైక్ మీద ఆయన వీపు వెనక కూర్చుని ఊరంతా వినేలా అరిచాను.

"థూ, గట్లెట్ల తిన్నవ్ ఆమెది? నన్ను సతాయించిందాన్ని నెత్తికెక్కిచ్చుకుంటవా? గా లేశేదేదో పోయినేడు లేశి ఉంటే ఏం పోయె?"

ఆయన డిపో మలుపు దగ్గర బండి నెమ్మది చేశాడు.

"పోయినేడు లేవలే. గందుకే గీయేడు కూసోలేకపోయిన," అన్నాడు.

ఇంటికి వచ్చాక నేరుగా వరండాలోకి పోయాను. అవ్వ నా కోసమే కాచుకుని ఉంది. అన్నీ చెప్పాను. కొడుకు అన్న మాట రెండుసార్లు చెప్పించుకుంది. కోడలు తొట్టి దగ్గరికి పోయిందనగానే ముందుకు వంగింది.

"ఏడ్చిందా?"

"ఏడవలే అవ్వా. మా ఆయన అడ్డంబోయి రెండుసార్లు ఏపిచ్చుకొని తిన్నడు."

అవ్వ ముఖం మాడిపోయింది. "థూ, గట్లెట్ల తిన్నడు దానిది?"

బైక్ మీద నా నోటి నుంచి వచ్చిన మాటే. అదే ఉమ్ము, అదే విసురు. ఇరవై ఏళ్లుగా అదే వరండాలో కూర్చున్న మనిషి నోట్లోంచి విన్నాను. నాకు చలేసింది. ఏదో పని ఉందని చెప్పి లేచి వచ్చేశాను.

గదిలో మా ఆయన చేతులు కడుక్కుంటున్నాడు. పొద్దుటి నుంచి నేను ఏమీ తినలేదని నాకే గుర్తులేదు. ఆయనకు ఉన్నట్టుంది. పొయ్యి గట్టు మీద అప్పుడే తెచ్చిన మిర్చి పొట్లం విప్పి ఉంది, ఐదు.

"ఆమె బజ్జి ఎట్లున్నది?" అని అడిగాను.

"ఉప్పు లేదు," అన్నాడు. "నాకు అలవాటే గదా."

నవ్వొచ్చింది, ఆపుకున్నాను. చెరి రెండు తిన్నాం. ఐదోది ఆయన ముట్టుకోలేదు, నా వైపు జరిపాడు. నేను దాన్ని తీసుకుని రెండుగా తుంచాను. పెద్ద ముక్క మాత్రం నేనే తిన్నాను.