చూడకుండా రాసిచ్చిన చేప పేరు

2004వ సంవత్సరం. హిందూపురంలో ఒక డిగ్రీ కాలేజీలో నేను జంతుశాస్త్రం చెప్పడం మొదలుపెట్టి అప్పటికి పంతొమ్మిదేళ్లు. మా విద్యార్థుల్లో చాలామంది సముద్రం చూడలేదు. వాళ్లకు సొరచేప అంటే మా లాబ్‌లో ఫార్మలిన్ సీసాలో పసుపు రంగుకు తిరిగిన రెండడుగుల శవం. ఇన్నేళ్లూ ఆ ఒక్క సీసాతోనే నెట్టుకొచ్చాను.

మా చదువులో స్పాటర్స్ అనే పద్ధతి ఉంది. ప్రాక్టికల్ పరీక్ష రోజు బల్లల మీద సీసాలు, ఎముకలు, స్లైడులు వరసగా పెడతాం. ఒక్కోదాని ముందు విద్యార్థి రెండు నిమిషాలు నిలబడి పేరు, రెండు గుర్తులు రాసి, గంట కొట్టగానే పక్కకు జరగాలి. అన్ని కాలేజీల్లోనూ దాదాపు అవే వస్తువులు. రెండంచులకూ పళ్లున్న పొడుగాటి ముక్కు కనబడితే రంపపు చేప అని రాయాలి. శాస్త్రీయ నామం ప్రిస్టిస్. అలాంటి ముక్కే ఉన్న ఇంకో జాతి చేపలు ఉంటాయని పుస్తకంలో ఒకటి రెండు వాక్యాలు ఉంటాయి. అవి పరీక్షలో రావు. పరీక్షలో రానిది మేమూ చెప్పం.

ఆ యేడు వేసవిలో మా ఆవిడ పోయింది. కాలేజీ తెరిచిన మొదటి రోజు నుంచే పనికి వెళ్లాను. ఇంట్లో కూర్చోవడం కన్నా అదే నయమనిపించింది. పొద్దున చెప్పిన పాఠం సాయంత్రానికి గుర్తుండేది కాదు. నా తప్పుకు ఇది సాకు కాదు. కాని ఇది చెప్పకపోతే తరువాత జరిగింది సగమే చెప్పినట్టవుతుంది.

ఆగస్టులో పెనుకొండ నుంచి ఒక అటవీ శాఖ అధికారి స్టాఫ్ రూముకు వచ్చాడు. నాకన్నా చిన్నవాడు, మర్యాదస్తుడు. న్యూస్‌పేపర్లో చుట్టిన ఒక వస్తువు బల్ల మీద విప్పాడు. అడుగు పొడుగున్న ఎండిన చేప ముక్కు. రెండంచులకూ పళ్లు. పైనుంచి కిందిదాకా పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టి ఉంది. ఒక కొసన నల్ల తాడు, ఎండిపోయిన నిమ్మకాయ.

"ధర్మవరంలో ఒక చేపల అంగడి వాకిట్లో దిష్టికి కట్టినారు సార్," అన్నాడు. "మాదంతా నెమళ్లు, కుందేళ్ల కేసులు. తాగే నీళ్లకే కరువైన ఊర్లో సముద్రం కేసు దొరికిందని మా ఆఫీసులో ఒకటే నవ్వు."

రంపపు చేపను అంతకు మూడేళ్ల కిందటే వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. అంటే పులికి ఉన్నంత రక్షణ. దాని ముక్కు దగ్గరుంచుకున్నా మూడేళ్లకు తగ్గని జైలు. ప్రభుత్వ లాబ్‌కు పంపితే జవాబు రావడానికి నెలలు పడుతుందని, అందాకా ఒక జంతుశాస్త్రం లెక్చరర్ రాసిస్తే చాలునని ఆయన అన్నాడు. నేను ఆ ముక్కును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాను. పసుపు చేతికి అంటింది. చిన్నదిగా ఉంది, పిల్ల చేపదేమో అనుకున్నాను. కాలేజీ లెటర్ హెడ్ మీద 'ప్రిస్టిస్, రంపపు చేప' అని రాసి సంతకం పెట్టి, చేతులు కడుక్కుని క్లాసుకు వెళ్లాను. స్పాటర్‌కు మేమిచ్చే రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

మూడు వారాలకు ఒక ఆడమనిషి లాబ్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నలభై ఏళ్లుంటాయి. అరచేతుల నిండా పాత కత్తి గాట్లు.

"రంపపు చేప కాగితం రాసిన సారు మీరేనా?" అంది.

నేనేనన్నాను.

"నా పేరు రామక్క. ధర్మవరం. మీ కాగితంతోనే మా ఇంటాయన్ని లోపలేసినారు. పెనుకొండ సబ్ జైల్లో ఉండాడు. బెయిలు గూడా ఇయ్యలేదు. ఏమి సార్, అది పులితో సమానమని రాసినారంట?"

కూర్చోమన్నాను. కూర్చోలేదు. ఆమె భర్త పేరు ఓబులేసు. కరువు యేడు మంగళూరు రేవుకు కూలికి పోయి, ఆరేళ్లు ఐసు పెట్టెలు మోసి, తిరిగొచ్చి ధర్మవరంలో చేపల అంగడి పెట్టాడు. రేవులో తెలిసినవాళ్లు రైల్లో పెట్టెలు పంపేవాళ్లు. లోతు సముద్రంలో రొయ్యలకు పోయే బోట్ల నుంచి ఏరగా మిగిలిన చేపలు ఒక్కోసారి చవగ్గా వచ్చేవి. ఈ చేప అలా పెట్టె అడుగున వచ్చింది.

"కోసింది ఎవరు?" అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాను.

"నేనే. ఆయన మోస్తాడు, నేను కోస్తాను. మీకు చేతనైతే ఆ పొద్దే వచ్చి అడగాల్సింది. కడుపులో ఏడు పిల్లలుండె. చూసి చెయ్యి ఆగిపాయె సార్. అంతంత పిల్లలు, ముక్కులు మాత్రం తల్లివే. ముక్కు పండ్లన్నీ ఎనక్కి మడ్చుకోని, చెంపకు అతుక్కోని ఉండె. చేత్తో దువ్వితే గుచ్చుకోలే. తల్లి కడుపు కోసుకుపోకుండా దేవుడు మడ్చినాడని మా ఆయన అనె."

పుస్తకంలో మేము చెప్పకుండా వదిలేసే ఆ ఇంకో జాతి అప్పుడు గుర్తొచ్చింది.

రంపపు చేప కూడా పిల్లల్నే కంటుంది. కాని దాని పిల్లల ముక్కు పళ్లు మడుచుకుని ఉండవు. పళ్లన్నిటినీ కప్పుతూ మెత్తటి తొడుగు ఉంటుంది, పుట్టాక అది ఊడిపోతుంది. పుట్టేదాకా పళ్లు వెనక్కి మడుచుకుని ఉండేది రంపపు సొరకు. రెండూ వేర్వేరు జీవులు. రంపపు చేప, ఒళ్లు చదునుగా ఉండే టేకు చేపల వర్గం. తీరం దగ్గర, నదులు కలిసేచోట తిరుగుతుంది, పడవంత పెరుగుతుంది. రంపపు సొర అసలైన సొరచేప. వందల అడుగుల లోతులో, వెలుతురు అందని చోట బతుకుతుంది. మనిషంత పొడుగు కూడా పెరగదు. ముక్కు మధ్యలో రెండు వైపులా పొడుగాటి మీసాలుంటాయి. చీకట్లో అడుగున ఉన్న రొయ్యల్ని వాటితో తడుముకుంటుంది.

"మీసాలేమైనా ఉన్నాయా, అమ్మా?"

"ఉండె సార్. ఇంతింత పొడుగు. ఆరబెట్టినాక నేనే కత్తిరిస్తి. వాకిట్లో కడితే వచ్చేపోయేవాళ్ల నెత్తికి తగులుతాండె. దిష్టికి కట్టేది రంపం గదా, మీసాలెందుకు?" అని ఆగి, నా మొహం చూసి, "ఏమి సార్, అది గూడా తప్పేనా?" అంది.

"నీ తప్పు కాదు," అన్నాను.

"మరి ఎవరిది?"

"నాది."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. కోప్పడింది. "మేము చేప కొనేటప్పుడు గూడా మొప్ప ఎత్తి చూసి కొంటాము. మనిషిని జైలుకేసేటప్పుడు చూడొద్దా సార్?" మరుసటి రోజు ఇద్దరం బస్సులో పెనుకొండ పోయాం.

ఆ అధికారి బీరువాలోంచి ముక్కు తీసిచ్చాడు. తడిగుడ్డ అడిగి పసుపు నెమ్మదిగా తుడిచాను. సగం దూరంలో, రెండు వైపులా సరిగ్గా ఒకే చోట, అగ్గిపుల్ల మందాన రెండు మొండి కొసలు బయటపడ్డాయి. మీసాలు కత్తిరించిన చోట్లు అవి. పళ్లు కూడా ఒకే కొలతవి కావు. ఒక పొడుగు పన్ను, దాని పక్కన పొట్టివి, మళ్లీ పొడుగు. రంపపు చేపకు పళ్లన్నీ ఇంచుమించు సమానం. పసుపు కింద ఇవన్నీ అప్పుడూ ఉన్నాయి. నేను తుడవలేదు, అంతే.

రెండో కాగితం రాసిచ్చాను. ఆయన చదివి, మొదటి కాగితం తీసి దాని పక్కన పెట్టాడు.

"మొదటిది మీరే రాసినారు, ఇదీ మీరే రాసినారు. కోర్టు ఏది నమ్మాల సార్?"

"నేనే వచ్చి చెబుతాను."

"పరువు పోతాది సార్. లాబ్ జవాబు వచ్చేదాకా ఆగండి."

"అందాకా ఆయన లోపలే ఉంటాడు కదా."

బెయిలు విచారణలో ప్రభుత్వ వకీలు తన పని తాను చేశాడు. "పంతొమ్మిదేళ్ల అనుభవం అంటున్నారు. మొదటిసారి చూడకుండానే సంతకం పెట్టినారా?"

"అవును."

కోర్టులో ఎవరో నవ్వారు. ఓబులేసు నవ్వలేదు. అతణ్ని నేను చూడడం అదే మొదలు. సన్నటి మనిషి, గడ్డం పెరిగి ఉంది. చేతులు కట్టుకుని, నేను చెప్పే ప్రతి మాటా తనకు అర్థం కావాలన్నట్టు నా నోటివైపే చూస్తున్నాడు.

మేజిస్ట్రేట్ నన్ను రెండు ప్రశ్నలు అడిగాడు. "ఈ రంపపు సొర షెడ్యూల్‌లో ఉందా?"

"లేదండి."

"అంటే ఇది అరుదైన జీవి కాదా?"

దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పలేను. మన వైపు సముద్రంలో ఇది దొరకడమే నాకు వింత. పిల్లలు కొద్ది. ఎదగడానికి ఏళ్లు పడుతుంది. లోతుకు వల వేసిన ప్రతి బోటూ రొయ్యలతో పాటు దీన్ని కూడా పైకి తెస్తుంది. దీనికోసం ఎవరూ వల వేయరు, కాబట్టి ఎన్ని చచ్చాయో ఎవరూ రాసుకోరు. చట్టంలో దీని పేరు లేకపోవడం ఇవి లెక్కలేనన్ని ఉన్నందుకు కాదు, చూసినవాళ్లు లేనందుకు. ఇవన్నీ చెబితే ఓబులేసుకు నష్టమేమోనని భయం. చెప్పకపోతే ఇంకో రకం అబద్ధం.

"అరుదైనదే కావచ్చు. ఎవరూ లెక్కపెట్టలేదు," అన్నాను.

"లెక్కపెట్టనిదాన్ని చట్టం కాపాడలేదు," అని ఆయన మామూలు గొంతుతో అని, రాసుకున్నాడు.

మొత్తం ఇరవై ఆరు రోజులు జైల్లో ఉండి ఓబులేసు బెయిలు మీద బయటికొచ్చాడు. లాబ్ జవాబు మరుసటి యేడు వచ్చింది. అది రంపపు చేప కాదని మాత్రమే ఉంది, ఏ జాతో లేదు. కేసు మూసేశారు. మా ప్రిన్సిపాల్ నాతో కొన్నాళ్లు ముభావంగా ఉన్నాడు. ఆ తరువాత స్పాటర్స్‌లో రెండు నిమిషాల గంట తీసేశాను. పిల్లలకు ముందు వస్తువును గీయమంటాను, తిప్పి చూడమంటాను, తడిగుడ్డతో తుడవమంటాను. పేరు చివర్లో. మార్కుల పట్టీకి ఇది సరిపోదని తోటివాళ్లు అంటారు. నిజమే.

బెయిలు వచ్చిన రోజు జైలు బయట టీ కొట్టు దగ్గర ముగ్గురం నిలబడ్డాం. క్షమించమని అడిగాను. ఓబులేసు ఆ మాట వినబడనట్టు గ్లాసులోకి చూసి అడిగాడు.

"సార్, మళ్లా పెట్టెలో అట్లాంటిది వస్తే ఏం జేయమంటారు?"

నీళ్లలో వదలమనడానికి ధర్మవరంలో ఆ నీళ్లు లేవు. అంత లోతు నుంచి పైకి లాగిన చేప బోటు మీదికి చేరకముందే చచ్చిపోతుంది. కొనొద్దు అంటే ఇంకొకరు కొంటారు. కొయ్యొద్దు అనే హక్కు, అది షెడ్యూల్‌లో లేదని కోర్టులో నేనే చెప్పాక, నాకు లేదు.

"కోసే ముందు కాలేజీకి ఫోన్ చెయ్యి. వస్తాను."

ఓబులేసు సరేనన్నాడు. "వచ్చి ఏం జేస్తారు సార్?" అంది రామక్క. "అది సచ్చే ఉంటాది గదా."

"చూస్తాను," అన్నాను.

ఇప్పటివరకు ఆ ఫోన్ రాలేదు. ఓబులేసు మాట తప్పే మనిషి కాదు. అంటే చేపే రాలేదన్నమాట. అది వలలకు దూరంగా బతికి ఉన్నందుకు రాలేదో, మిగలనందుకు రాలేదో నాకు తెలియదు. తెలిసినవాళ్లెవరూ నాకు తగలలేదు.