వాచీకి అందని నాడి

వాచీలో గుండె బొమ్మ పక్కన అంకె రాలేదు. రెండు గీతలు మాత్రమే కనిపించాయి. నడుస్తున్నదాన్ని అక్కడే ఆగిపోయాను.

మాది అరకు దగ్గర కొండ మీది ఊరు. పోయిన శీతాకాలం కాఫీ పళ్లు కోస్తూ మా అత్త కుప్పకూలింది. ఫోనుకు సిగ్నల్ లేదు. రోడ్డు దాకా డోలీలో మోసుకెళ్లాల్సిందే. మరిది, పక్కింటాయన మోస్తున్నారు. పక్కనే నడుస్తున్న నేను నా స్మార్ట్ వాచీ తీసి అత్త చేతికి పెట్టాను.

"ఏటి వదినా, అలగైపోనావు?" అన్నాడు మరిది.

"గుండె కొట్టుకోవట్లేదు" అన్నాను.

డోలీ దించేశారు. "మమ్మల్నొగ్గేసి ఎలిపోనావేటే అమ్మా!" అంటూ మరిది బాటలోనే కూలబడ్డాడు. అత్త మీద పడి ఎంతసేపు ఏడ్చానో తెలియదు. నా చెంపకు వెచ్చగా ఊపిరి తగిలింది.

"బతికే ఉంది! బేగి ఎత్తండి!" అని అరిచాను.

ఆసుపత్రిలో నర్సు అత్త ముంజేతి నిండా ఉన్న పచ్చబొట్లు చూపించి, "వీటి మీద పెడితే ఈ వాచీలకు ఒక్కోసారి నాడి అందదమ్మా" అంది. అత్త బతికింది. పక్షవాతం వచ్చిన కుడి చెయ్యి మాత్రం ఇప్పటికీ లేవదు. మేం బాటలో ఆగకపోతే లేచేదేమో. టైము చూసుకోవడానికి మామూలు వాచీ చాలు. ప్రాణం ఉందో లేదో ఏ వాచీనీ అడగకూడదు.

అత్తను ఆసుపత్రిలో చేర్చిన మర్నాడు పొద్దున ఇంటికెళ్తే, జరిగింది అప్పటికే విన్న మా పాప తమ్ముడితో దూరంగా నిలబడి అడిగింది. "అమ్మా, నాకు జొరమొచ్చినా వాచీ సూసి సచ్చిపోనానని సెప్పేత్తావా?"

పిల్లలిద్దరినీ దగ్గరకు లాక్కున్నాను.

"లేదమ్మా. వాచీ ఏం చూపించినా మిమ్మల్ని దారిలో దించను" అన్నాను.