గొర్రె బొమ్మ మీద పడిన వేలు

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెప్తాను. పిల్లి కనిపిస్తే చిరుత అంటాను. జల్లు పడితే తుఫాను అంటాను, కాకపోతే మా అనంతపురంలో ఆ రెండో అబద్ధానికి అవకాశం తక్కువ. చాలా ఏళ్లు వెబ్ పేజీలు కట్టి, యాభై రెండో ఏట నా ఇష్టంతోనే ఉద్యోగం మానేసినవాణ్ణి. ఈ అలవాటు మానుకోమని ఇంట్లోవాళ్లూ ఆఫీసువాళ్లూ చాలాసార్లు చెప్పారు. మానుకోను. అయితే ఇందులో ఒక భాగం పెంచింది కాదు, పూర్తిగా కల్పించింది. అదేదో చివర చెప్తాను. అందాకా అంతా నమ్మండి.

నాలుగేళ్ల కిందట, ఏప్రిల్ మొదటి సోమవారం నన్ను నీళ్ల ట్యాంకర్ల పని మీద వేశారు. హోదా సీనియర్ ఫ్రంట్ ఎండ్ ఇంజినీరు. అంటే తెర మీద మనిషి కంటికి కనిపించేది, వేలికి తగిలేది నా పూచీ. తెర వెనుక ఆ మాట అందుకుని పని జరిపించే సర్వర్ ఇంకొకరిది. నా పైన టీమ్ లీడ్ ప్రదీప్, బెంగళూరులో ఉండేవాడు. నా కింద ఒక కుర్చీ ఉండేది, అదీ ఒక పక్కకు ఒరిగేది. ఆఫీసు అనంతపురంలో, ఒక మిఠాయి కొట్టు పైన, రెండో అంతస్తులో. జిలేబీ వాసనకు మేం రాసిన ప్రోగ్రాములకు కూడా చీమలు పట్టేవి.

ఒక స్వచ్ఛంద సంస్థ బోర్లు ఎండిన పల్లెలకు ఉచితంగా ట్యాంకర్లు పంపేది. ప్రతి పల్లెలోనూ ఒక ఆడమనిషికి ట్యాబ్ ఇచ్చి, నీళ్లు అడిగే బాధ్యత అప్పగించింది. ట్యాబ్‌లో మా పేజీ. పేజీలో ఒక్కో పల్లెకు ఒక్కో బటన్, బటన్ మీద ఎడమ పక్క ఒక బొమ్మ, కుడి పక్క పల్లె పేరు. మగ్గాలున్న ఊరికి మగ్గం బొమ్మ, రాళ్ల క్వారీ ఊరికి బండరాయి బొమ్మ, గొర్లదొడ్డికి గొర్రె బొమ్మ. బటన్ నొక్కితే ఆ పల్లె నంబరు సర్వర్‌కు పోతుంది, ట్యాంకర్ డ్రైవర్ ఫోన్లో చిరునామా మోగుతుంది.

ఇక్కడ మా వృత్తి రహస్యం కొంచెం చెప్పాలి. మేం టైప్‌స్క్రిప్ట్ అనే భాషలో రాసేవాళ్లం. ఈ భాషలో ప్రతి వస్తువుకూ రకం రాసిపెట్టాలి, మార్కెట్ యార్డులో బస్తా మీద ‘వేరుశనగ’ అని రాసినట్టు. లోడు బయలుదేరే ముందు కంపైలర్ అనే తనిఖీదారు రాతకూ సరుకుకూ పొత్తు కుదిరిందా లేదా చూసి, కుదరకపోతే ఎర్రగీత గీస్తాడు. బటన్ నొక్కినప్పుడు పుట్టే కబురును క్లిక్ ఈవెంట్ అంటాం. ఆ కబురులో రెండు అరలుంటాయి. ‘టార్గెట్’ అనే అరలో వేలు నిజంగా దేని మీద పడిందో ఉంటుంది. ‘కరెంట్ టార్గెట్’ అనే అరలో ఆ కబురు కోసం కాచుకుని కూర్చున్నది ఎవరో ఉంటుంది. మా పేజీలో కాచుకుని కూర్చున్నది ఎప్పుడూ బటనే, పల్లె నంబరు ఉండేదీ దాని దగ్గరే. వేలు మాత్రం అక్షరాల మీద పడవచ్చు, అప్పుడు అది బటన్ మీద పడినట్టే; బొమ్మ మీద పడవచ్చు, అది బటన్ మీద అంటించిన వేరే వస్తువు. అందుకే మొదటి అరలో ఏముందో కంపైలర్ హామీ ఇవ్వడు. అక్కడ నంబరు అడిగితే ఎర్రగీత గీస్తాడు.

ఆ ఎర్రగీత చూసి విసుక్కున్నవాడు సుధాకర్. నాకంటే ముందు ఈ పేజీ సగం కట్టి, పూణేలో పెద్ద ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. రోజుకు పద్నాలుగు టీలు తాగేవాడు, కీబోర్డును మద్దెల వాయించినట్టు వాయించేవాడు. ఎర్రగీత పడిన చోట అతను ‘యాజ్’ అనే మాట చేర్చి, దాని పక్కన ‘బటన్’ అని రాశాడు. అంటే ‘ఇది బటనే, నా మాట నమ్ము’ అని తనిఖీదారు ముందు ప్రమాణం చేయడం. బస్తా విప్పకుండా పైన చీటీ అంటించడం లాంటిది. ప్రమాణం చేస్తే కంపైలర్ నోరు మూసుకుంటాడు. గీత మాయమైంది.

ఆఫీసులో పదిహేను రోజులు పరీక్షించాం. ఒక్క తప్పూ దొరకలేదు. దొరకదు, ఎందుకంటే మేమంతా చదువుకున్నవాళ్లం. కళ్లు అక్షరాల మీదికి పోతాయి, వేలు కళ్ల వెంట పోతుంది. బొమ్మను ఒక్కరం కూడా ముట్టుకోలేదు.

మే నెలలో పేజీ పల్లెలకు వెళ్లింది. మూడో రోజు పొద్దున మిఠాయి కొట్టు ముందు ఒక ట్యాంకర్ ఆగింది. గూడ్సు బండి అంత పొడవు, ఆంజనేయుడి విగ్రహమంత ఎత్తు. డ్రైవర్ మస్తాన్ భుజాన పైపు వేసుకుని మెట్లెక్కి వచ్చాడు.

“అన్నా, నీళ్లు యాడ పొయ్యాల?”

అందరం పడీ పడీ నవ్వాం. ఫోన్లో చిరునామా మాదే. ఏదో పొరపాటులే, తెచ్చిన నీళ్లు మళ్లీ మోసుకుపోవడం ఎందుకని, భవనం యజమాని కింద సంపు మూత తీశాడు. ఆయన మా కంపెనీని పిల్లాపాపలతో చల్లగా ఉండమని దీవించాడు. మరునాడూ ట్యాంకర్ వచ్చింది. ఆ మరునాడూ వచ్చింది. నేను ఆ నీళ్లతో రెండు పూటలా ముఖం కడుక్కున్నాను. ఎవరి నీళ్లో అని అడగలేదు.

ఆ తర్వాతి రోజు మెట్లెక్కి వచ్చింది మస్తాన్ కాదు, ఓబులమ్మ. గొర్లదొడ్డిలో ట్యాబ్ ఆమె చేతిలోనే ఉండేది. మిగతా పల్లెల్లో పదో తరగతి చదివిన అమ్మాయిలు, ఇక్కడ బడి ముఖం చూడని ఓబులమ్మ. ట్యాంకర్ దగ్గర వరస తప్పిన వాళ్లను, సొంత మరిదైనా సరే, బిందెతో సహా వెనక్కి పంపగలిగింది ఆమె ఒక్కతే అని ఊరంతా కలిసి ఎంచుకుంది. రెండు బస్సులు మారి, ట్యాబ్‌ను కొంగులో మూటగట్టుకుని వచ్చింది.

“ఏమప్పా, ఈ బొమ్మలు పెట్టినోడు నువ్వేనా?”

నేనే అన్నాను.

“మూడు దినాల నుంచి నొక్కతాండా. మా ఊరికి సుక్క రాలేదు. నేను నొక్కేది అబద్ధమంటాండారు. రేపటికి నీళ్లు రాకుంటే ట్యాబు పక్కూరి పిల్లకిస్తారంట. ఆ పిల్ల వాళ్లూరికి పిలిసినంక గదా మాకు పిలిసేది? గొర్రెలు నాలికలు బయటేసినాయి, మనుషులం గూడా అంతే.”

నొక్కి చూపించమన్నాను. ఓబులమ్మ చూపుడు వేలు తిన్నగా వెళ్లి గొర్రె నడుం మీద పడింది. ఆ రోజూ మా ఆఫీసే అనుకుని కింద వీధిలో ట్యాంకర్ ఆపి టీ తాగుతున్న మస్తాన్ ఫోన్ మోగింది. కిటికీలోంచి అడిగితే పైకి అరిచి చెప్పాడు, “మళ్లా మీ ఆఫీసే అన్నా!”

వేలు పడింది బొమ్మ మీద. మొదటి అరలో ఉన్నది బొమ్మ. బొమ్మ దగ్గర పల్లె నంబరు ఉండదు కాబట్టి సర్వర్‌కు ఖాళీ చెయ్యి వెళ్లింది. ఖాళీ అందితే దాన్ని సున్నా అనుకోమని సర్వర్‌కు ఎవరో నేర్పారు. సున్నా నంబరు పరీక్షల కోసం పెట్టుకున్న మా ఆఫీసు చిరునామా. మూడు రోజులుగా నేను గొర్లదొడ్డి నీళ్లతో ముఖం కడుక్కుంటున్నాను.

“ఇది రాసినోడు ఎవుడప్పా?” అంది ఓబులమ్మ.

సుధాకర్ అనీ, పూణేలో ఉన్నాడనీ చెప్పాను.

“వాని యేళ్లు పుచ్చిపోను,” అంది, చాలా ప్రశాంతంగా.

వెంటనే ప్రదీప్‌కు వీడియో కాల్ చేశాను. అతను చెడ్డవాడు కాదు, రూలు బుక్కును దిండు కింద పెట్టుకుని పడుకునే రకం. సోమవారం దాతలకు పేజీ చూపించాలి, అందాకా ఒక్క లైను కూడా మార్చడానికి లేదన్నాడు. దీన్ని మా భాషలో ఫ్రీజ్ అంటారు. అప్పటిదాకా పల్లెలకు ఒక సూచన పంపుదామన్నాడు, బొమ్మ మీద కాకుండా అక్షరాల మీదే నొక్కాలని. కంప్యూటర్లో ఓబులమ్మ ఫిర్యాదును ‘వాడుకరి పొరపాటు’, అంటే వాడినవాళ్లదే తప్పు, అని రాసి మూసేయమన్నాడు.

సూచనను అక్షరాల్లోనే పంపుతారా అని అడిగాను. అతను ఫ్రీజ్ రూలు మళ్లీ మొదటి నుంచి చదివి వినిపించాడు.

అప్పటిదాకా నా భుజం మీదుగా తెరలోకి చూస్తున్న ఓబులమ్మ ముందుకు వంగింది. “ఏమప్పా, నొక్కగూడదంటే బొమ్మ ఎందుకు పెట్టినారు? సదువు రానోళ్లకని మీరే గదా పెట్టింది? ఇప్పుడు నాది తప్పంటావా?”

ప్రదీప్ ఇంగ్లీషులో నాతో, ఇది పద్ధతికి సంబంధించిన విషయమని ఆమెకు నచ్చజెప్పమన్నాడు. నేను తెలుగులో, ఆమెకు వినిపించేలా, మూయనని చెప్పాను. ‘వాడుకరి పొరపాటు’ అన్న ముక్క నా చేత్తో రాయను. కావాలంటే నువ్వు మూసుకో, మళ్లీ తెరుస్తాను అన్నాను. అతను మూశాడు. నేను తెరిచాను. అలా పదిహేడుసార్లు. పద్దెనిమిదోసారికి, లైను మార్చితే బాధ్యత మొత్తం నాదేనని రాతలో కావాలన్నాడు. రాసిచ్చాను. రాతలో ఇచ్చినందుకు నాకు భయం వేసిందని ఎవరైనా అనుకుంటే, వాళ్లు అప్పుడు ఓబులమ్మ ఎదురుగా కూర్చుని ఉండరు.

దిద్దుబాటు చిన్నదే. ప్రమాణం తీసేశాను, కంపైలర్ మళ్లీ ఎర్రగీత గీశాడు. ఈసారి ఆ గీత అడుగుతున్నది చదివాను. మొదటి అర వదిలి రెండో అరలో నంబరు అడిగాను. ఈవెంట్‌కు ‘బటన్ మీద క్లిక్’ అని రకం రాశాను కాబట్టి, రెండో అరలో ఉండేది బటనే అని తనిఖీదారుకు ముందే తెలుసు. గీత దానంతట అదే పోయింది. సర్వర్ వాళ్లతో మాట్లాడి, ఖాళీ వస్తే సున్నా అనుకోకుండా ‘నంబరు రాలేదు’ అని తిప్పికొట్టేలా చేయించాను.

పేజీ మారగానే ఓబులమ్మ మళ్లీ గొర్రెను నొక్కింది. ఈసారి నడుం మీద కాదు, తోక మీద, అనుమానంతో. కింద మస్తాన్ టీ గ్లాసు పెట్టేసి, “గొర్లదొడ్డి!” అని వీధంతా వినపడేలా అరిచాడు. ఆమె తిరుగు బస్సు ఎక్కలేదు. ట్యాంకర్ ముందు సీట్లో, ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని వెళ్లింది. ట్యాబ్ ఆమె దగ్గరే ఉండిపోయింది.

నాకు హెచ్చరిక మెయిల్ వచ్చింది, ఫ్రీజ్ ఉల్లంఘించానని. దాన్ని ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, ఒరిగే కుర్చీ కాలు కింద పెట్టాను. మూడేళ్ల తర్వాత ఉద్యోగం మానేసేదాకా అది అక్కడే ఉంది, కుర్చీ తిన్నగా నిలబడింది. అలాంటి మెయిల్ రేపు వచ్చినా అదే చేస్తాను.

నేర్చుకున్నది చెప్పాలి కదా. కంపైలర్ ఎర్రగీత గీస్తే అది ఒక ప్రశ్న. దానికి జవాబు చెప్పాలి, ప్రమాణం చేయకూడదు. ‘వాడుకరి పొరపాటు’ అని రాసేముందు ఆ మనిషి వేలు ఎక్కడ పడుతోందో పక్కన కూర్చుని చూడాలి. పరీక్షించేవాళ్లంతా ఒకేలా చదువుకున్నవాళ్లయితే ఆ పరీక్ష పరీక్ష కాదు.

ఇక కల్పించిన భాగం. ట్యాంకర్ పొడవు పెంచాను. పదిహేడుసార్లు అన్నది నాలుగుసార్లు. అవి పెంచి చెప్పినవి, వాటికి క్షమాపణ చెప్పను. కల్పించింది సుధాకర్‌ను. అలాంటి మనిషి ఎవరూ లేరు, పూణేకు ఎవరూ పోలేదు. ఆ పేజీలో మొదటి లైను నుంచీ నేనే ఉన్నాను. రోజుకు పద్నాలుగు టీలు నావి. ఆ ‘యాజ్’ నాది.

రాసినోడు ఎవుడని ఓబులమ్మ అడిగినప్పుడు నేను పూణే పేరెత్తలేదు. “నేనేనమ్మా” అన్నాను. తిట్టు మాత్రం అక్షరం పొల్లు పోకుండా నిజం, తిట్టింది నన్నే. దాని తర్వాత ఆమె అన్న మాట పైన రాయలేదు. నేను లేచి నిలబడి చేతులు కట్టుకుంటే నా కుర్చీని కాలితో నా వైపు తోసింది.

“నిలబడుకున్నేది సాలు. కూకోని దిద్దు.”