రెండున్నర గంటల మద్రాసు

అక్కకు మద్రాసులో కడుపు ఆపరేషన్. "చెల్లె ముఖం చూస్తే గాని బల్ల ఎక్కను" అని భీష్మించుకు కూర్చుందట. ఆపరేషన్ ఎల్లుండేనని బావ తంతి కొట్టాడు. రైలుకు పోతే అందుకోలేనని, పట్నంలో ఉన్న స్నేహితుడి చేత విమానం టికెట్ కొనిపించి పంపాడు.

బేగంపేటలో విమానం పదింటికి. ఆ వేళ వర్జ్యమని అమ్మ ముందురోజే మంచి గడియ చూసి, నా బట్టల మూటను బోరబండలో మామ ఇంట్లో ప్రస్థానం పెట్టించింది. మూట ముందుగా గడప దాటితే ప్రయాణం మొదలైనట్టే లెక్క. టికెట్ కూడా అందులోనే దోపింది మహాతల్లి! ఆ సంగతి నేను బండి ఎక్కాక చెప్పింది.

అయిదింటికి అన్న బండి కట్టాడు. గోపన్‌పల్లి నుంచి బోరబండ చేరేసరికి ఎనిమిది. మామ ఇంటికి తాళం.

"మీకు ఎదురొస్తనని మూట వట్టుకొని సైకిల్ మీద చేన్లెంబడి పోయిండు బిడ్డా" అంది పక్కింటావిడ. మేమేమో బండిబాటన వచ్చాం.

"ఎన్కకు పోతే విమానం పోతది. మామ మనింటికాడ అడిగి బేగంపేటకే వస్తడు, నడువు" అన్నాడు అన్న.

"టికెట్ లేకుంట పోయి ఏం జేస్తనే అన్నా?"

"జర ఏడ్వకు. బండెక్కు."

తొమ్మిదిన్నరకు బేగంపేట. అక్కడ సామానుతో పాటు మనిషినీ తూస్తారు. కాటా ఎక్కించబోతూ టికెట్ అడిగారు. అంతలో చెమటతో తడిసి ముద్దయిన మామ సైకిల్ పడేసి పరుగెత్తుకొచ్చాడు.

"మీరు కలువక మూటతోని మీ ఇంటిదాంక పోతి. ప్రస్థానం మూట వాపస్ ఇల్లు తొక్కొద్దు బిడ్డా! నా చేతులార అపశకునం జేస్తి" అని లబోదిబోమన్నాడు.

"అయితే అయింది గాని మామా, ముందు టికెట్ ఇయ్యి!" అని అరిచాను.

అరిచానే గాని, విమానం లేచాక ఆ అపశకునం మాటే నన్ను పీక్కుతింది. అక్కకేమైనా అయితే? పక్క సీటులోని రాజమండ్రి ఆవిడ నా చేతిలో పిప్పరమెంటు పెట్టింది.

"చప్పరించండి, చెవులు దిబ్బడ వేయవు. మూడొందల పైచిలుకు మైళ్లేనండీ, రెండున్నర గంటల్లో దిగిపోతాం."

"ఇంకా ఎంతసేపు?" అని నేను అడుగుతూనే ఉన్నాను. నాలుగోసారికి ఆవిడ కళ్లు మూసుకుంది.

పన్నెండున్నరకు దిగాను. బావ నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్క నా చెయ్యి పట్టుకుని, "గాలిల వచ్చినవా? భయం గాలేదానే?" అని నవ్వింది. మర్నాడు ఆ చెయ్యి వదిలి బల్ల ఎక్కింది. మూట సంగతి నేను ఎత్తలేదు. విమానంలో పోయేవాళ్లకు ఒక్క మాట: టికెట్ ఒంటిమీదే ఉంచుకోండి.

మూడు వారాలకు, అక్క పుట్టింట్లో కోలుకుంటుందని, ఇద్దరం రైల్లో తిరిగి బయలుదేరాం. డాక్టరు విమానం వద్దన్నాడు. అక్క నా ఒడిలో తల పెట్టుకుని పడుకుంది. బెజవాడలో ఇడ్లీ తిన్నాం. ఆ తరువాత స్టేషన్ వచ్చినప్పుడల్లా ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ కూర్చున్నాను. విమానంలో రెండున్నర గంటలే భయపడ్డాను, రైల్లో పొద్దంతా భయపడ్డాను.

వరంగల్ దాటాక మళ్లీ వేలు పెట్టబోతే, అక్క కళ్లు తెరవకుండానే దాన్ని పట్టుకుంది.

"ఉన్ననే" అంది. "జర నువ్వు గూడ పండుకో."